‘లేట్’ అన్న మాట

ఇంగ్లీషు నుంచి మన ఇండ్లలోకి వచ్చి, ఎవరూ అడుగకుండానే పీట వేసుకొని కూర్చున్న మాటలలో ‘లేట్’ ఒకటి. స్టేషనులో బండి లేటు. బడికి పోయిన పిల్లవాడు లేటు. ఆఫీసునుంచి రావలసిన ఇంటి యజమాని లేటు. అక్షరం ముక్క రాని ముసలమ్మ సైతం ‘ఇంత లేటయిందేమిరా’ అని అడుగుతుందే కాని, ఆ మాట పరాయిదన్న స్పృహ ఆమెకు ఉండదు. అదే ఇంటిలో పెట్టె తెరిచి పాత దస్తావేజో, పింఛను కాగితమో తీసి చూస్తే, తాతగారి పేరుకు ముందు ఈ మాటే మళ్ళీ కనబడుతుంది. అక్కడ దానికి ఆలస్యంతో నిమిత్తం లేదు. ఆ తాతగారు ఇక రారని అర్థం.

రాక ఆలస్యమైనవానికీ, ఇక ఎన్నటికీ రానివానికీ ఒకే విశేషణం ఎట్లా చెల్లింది? ఇది కేవలం పండితుల విచారణ అనిపించవచ్చు. కాని ఈ మాటను ఒక అర్థానికి బదులు మరొక అర్థంలో గ్రహించినందువల్ల బ్రతికి ఉన్నవారిని చనిపోయినవారిగా చదువుకొనే ప్రమాదం ఉన్నది. వార్తలు చదివి వినిపించే వృత్తిలో ఉన్న మాబోటివారికి ఇది వ్యాకరణంతో ముగిసే సంగతి కాదు. అందువల్ల ఈ మాట నడిచివచ్చిన దారిని కొంచెం నిదానంగా పరిశీలింతాము.

ప్రాచీనాంగ్లంలో ఈ మాటకు మొదటి అర్థం మందమైనది, జడమైనది, మెల్లగా కదిలేది అని. జర్మను భాషలో దీనికి సోదరి అయిన ‘లాస్’ అన్న మాటకు డస్సిపోయిన, సడలిన అని అర్థం. లాటిన్‌లోని ‘లాసుస్’ కూడా ఈ కుటుంబానిదే. దానికీ అలసిన అనే అర్థం. అంటే ఈ మాట మొట్టమొదట చెప్పినది గడియారాన్ని గురించి కాదు, మనిషి నడకను గురించి. మెల్లగా నడిచేవాడు చేరవలసిన వేళకు చేరడు కనుక, క్రమంగా నడకను చెప్పే మాట వేళను చెప్పే మాట అయినది.

ఈ పరిణామం మనకు కొత్త కాదు. మనం ‘లేట్’కు బదులుగా వాడే ‘ఆలస్యం’ అన్న మాటనే చూడండి. సంస్కృతంలో ‘అలసుడు’ అంటే సోమరి, మందుడు. అలసుని గుణం ఆలస్యం, అనగా సోమరితనం. హిందీవారు నేటికీ ఆ మాటను ఆ అర్థంలోనే వాడుతున్నారు. తెలుగులో మాత్రం అది సోమరితనాన్ని వదలిపెట్టి విలంబాన్ని పట్టుకున్నది. ‘ఆలస్యం అమృతం విషం’ అన్నప్పుడు మనకు తోచేది జాగు చేయరాదన్న హెచ్చరికే కాని, బద్ధకస్తుని మీద నింద కాదు. ఇంగ్లీషు మాటకూ ఈ సంస్కృత పదానికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా రెండూ నడిచిన త్రోవ ఒక్కటే. మనిషి స్వభావాన్ని చెప్పిన మాటలు రెండూ చివరకు కాలాన్ని చెప్పే మాటలుగా స్థిరపడినవి. పాపం, రైలుబండి ఆలస్యంగా వచ్చినదంటే, మాట పుట్టుకను బట్టి చూస్తే, దానికి సోమరితనం అంటగట్టినట్లే!

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. విదేశాలకు పోయేవారి దగ్గర ఉండే భారతీయ పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఒక అభ్యర్థన ముద్రించి ఉంటుంది. ఈ వ్యక్తిని ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ పోనివ్వవలసినదని అందులోని మాట. ‘లెట్’ అంటే అనుమతించుట అని బడిలో నేర్చుకున్నవారు దీనిని చదివి, అనుమతి లేకుండా పోనివ్వమనడం ఏమిటని తికమక పడతారు. ఇది ఆ ‘లెట్’ కాదు. దీని అర్థం ఆటంకం. మందగింపజేయుట అనే క్రియనుంచి, అనగా మన ‘లేట్’ నుంచే పుట్టినది. వాడుకలో ఈ ‘లెట్’ దాదాపు మరణించినది. పాస్‌పోర్టులోనూ, న్యాయశాస్త్ర వాక్యాలలోనూ మాత్రం ఊపిరితో ఉన్నది.

కాలాన్ని చెప్పే విషయంలో ఇంగ్లీషువారి మాటకూ మన మాటలకూ ఒక భేదం ఉన్నది. వారు అన్నిటికీ ‘లేట్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. మనం సూర్యుణ్ణి చూచి మాట్లాడుతాము. ఉదయం ఆలస్యంగా నిద్ర లేచినవాడు బారెడు పొద్దెక్కి లేచినవాడు. రాత్రి ఆలస్యంగా ఇంటికి చేరినవాడు పొద్దుపోయి వచ్చినవాడు. ఒకరిది పొద్దు ఎక్కడం, ఒకరిది పొద్దు పోవడం. ఇంగ్లీషులో ఇద్దరూ ‘లేట్’ అయినవారే. గడియారం గోడమీదికి ఎక్కిన తరువాత మన ఇండ్లలో కూడా పొద్దు తగ్గి లేటు పెరిగినది.

ఈ విశేషణం కాలఖండాలకు చేరినప్పుడు ఆలస్యమనే అర్థం పూర్తిగా పోతుంది. ‘లేట్ నైన్‌టీన్త్ సెంచరీ’ అంటే 19వ శతాబ్ది కడపటి భాగం. శిల్పచరిత్రలో ‘లేట్ పల్లవ’ అంటే పల్లవుల శిల్పరీతిలో చివరి దశ. పాశ్చాత్య సంగీతాన్ని గురించిన గ్రంథాలలో ‘లేట్ బీథోవెన్’ అని కనబడితే, 1827లో కన్నుమూసిన ఆ మహనీయుడు తన జీవితపు చివరి సంవత్సరాలలో రచించిన సంగీతమని అర్థం. దానికి ముందు ‘ది’ అన్న ఉపపదం చేర్చి ‘ది లేట్ బీథోవెన్’ అన్నప్పుడు మామూలుగా వచ్చే అర్థం వేరు. అది మనిషిని చెబుతుంది, ఆ మనిషి లేడని చెబుతుంది. ఇంత పెద్ద భేదాన్ని ఇంగ్లీషువారు ఇంత చిన్న ఉపపదం నెత్తిన పెట్టడం మాకు ఎన్నడూ రుచించలేదు. కాని వారి భాష వారిది.

‘లేట్’ నుంచి వచ్చిన ‘లేట్లీ’ అంటే ఇటీవల అని. ‘ఆలస్యంగా వచ్చాడు’ అనడానికి ‘లేట్లీ వచ్చాడు’ అన్న అర్థంలో వాక్యం వ్రాసే విద్యార్థులు చాలామంది ఉన్నారు, అది తప్పు. ‘లాస్ట్’, ‘లేటెస్ట్’ అన్నవి రెండూ ఈ ‘లేట్’కే అతిశయార్థ రూపాలు. వాటిలో ‘లాస్ట్’ పాతది, ‘లేటెస్ట్’ కొత్తది. జీవించి ఉన్న నవలాకారుని ‘లేటెస్ట్’ నవల అంటే ఆయన మొన్న మొన్న ప్రకటించినది. ‘లాస్ట్’ నవల అన్నామా, ఇక ఆయన కలం మూసినట్లే, లేదా ఆయన కన్ను మూసినట్లే వినబడుతుంది. మన తెలుగులో కూడా ‘కొత్త నవల’ అనవలసిన చోట ‘చివరి నవల’ అంటే ఆ రచయిత ఇంటివారు ఉలిక్కిపడరా?

ఇక అసలు సంగతికి వద్దాము. మృతుడు అన్న అర్థం ఈ మాటకు ఎక్కడిది?

‘లేట్’కు ‘ఇటీవలి’ అన్న అర్థం వచ్చిన తరువాత, ‘ఇటీవలి వరకు ఉండి, ఇప్పుడు లేని’ అన్న అర్థం దానిని అనుసరించింది. 15వ శతాబ్ది నాటికే ఈ వాడుక ఇంగ్లీషులో కనబడుతున్నది. అయితే ఇప్పుడు లేనిది ఏమిటి? ప్రాణమే కానక్కరలేదు. పదవి కావచ్చు, నివాసం కావచ్చు. ఇంగ్లండు న్యాయస్థానాల లాటిన్ పత్రాలలో ‘నూపెర్ దె’ అనే మాటలతో ఒక మనిషి మొన్నటివరకు నివసించిన ఊరును చెప్పేవారు. దానినే ఇంగ్లీషులో ‘లేట్ ఆఫ్’ అన్నారు. ఫలానా ఊరికి ‘లేట్ ఆఫ్’ అయిన ముద్దాయి అంటే, మొన్నటిదాకా ఆ ఊరిలో కాపురమున్నవాడు. వాడు చనిపోయి ఉంటే విచారణే లేదు కదా.

పాత ఇంగ్లీషు పుస్తకాల ముఖపత్రాలు చూచినవారికి ఇది బాగా తెలుస్తుంది. గ్రంథకర్త పేరు క్రింద ఒక కళాశాలకు ‘లేట్ ఫెలో’ అనో, మద్రాసు సివిల్ సర్వీసుకు ‘లేట్ ఆఫ్’ అనో అచ్చువేయడం 19వ శతాబ్దిలో సాధారణం. ఆయన ఆ ఉద్యోగం చాలించుకున్నాడని మాత్రమే దాని తాత్పర్యం. పుస్తకం వ్రాసి, అచ్చు దిద్ది, ముఖపత్రం మీద ఆ ముక్క తానే వేయించుకున్నవాడు మృతుడెట్లా అవుతాడు? అట్లాగే కుంఫిణీవారి కాలపు జిల్లా రికార్డులలో ‘ది లేట్ కలెక్టర్’ అని కనబడినప్పుడు, ఆ దొర చనిపోయాడని వెంటనే నిర్ణయించుకోరాదు. బదిలీ మీద మరొక జిల్లాకు పోయి ఉండవచ్చు. పదవి విరమించి స్వదేశంలో నిక్షేపంగా పింఛను తింటూ ఉండవచ్చు. పార్లమెంటు చరిత్రలలో ‘ది లేట్ మినిస్ట్రీ’ అంటే పడిపోయిన మంత్రివర్గమే కాని, మంత్రులందరూ మరణించారని కాదు. చరిత్ర పరిశోధన చేసే విద్యార్థులు ముందువెనుకల వాక్యాలు చూడకుండా ఈ మాటను ‘కీర్తిశేషులు’ అని తెలిగించితే, ఒక్క కలంపోటుతో ఎంతమందినైనా చంపగలరు.

నేటి ఇంగ్లీషులో ఈ పదవీసంబంధమైన వాడుక బాగా క్షీణించినది. మాజీ అన్న అర్థానికి ‘ఫార్మర్’ అనీ, ‘ఎక్స్’ అనీ అంటున్నారు. మనిషి పేరుకు ముందు ‘ది లేట్’ అంటే మరణించిన అనే అర్థమే స్థిరపడినది. ‘లేట్ హజ్‌బెండ్’ అంటే గతించిన భర్త. ‘ఎక్స్ హజ్‌బెండ్’ అంటే విడాకులు పొందిన భర్త. ఈ రెండింటినీ తారుమారు చేస్తే కలిగే అనర్థం వేరే చెప్పనక్కరలేదు.

అయినా ఈ మాటలోని ‘ఇటీవలి’ అన్న పాత వాసన పోలేదు. 1616లో మరణించిన షేక్‌స్పియర్‌ను ఎవరూ ‘ది లేట్ షేక్‌స్పియర్’ అనరు. నన్నయభట్టును కీర్తిశేషులని మనమూ అనము. ఎన్ని ఏండ్ల వరకు అనవచ్చునన్నదానికి శాసనమేదీ లేదు. చనిపోయినవానిని ఎరిగినవారు బ్రతికి ఉన్నంతవరకు, ఆ లోటు ఇంకా లోటుగా తోచినంతవరకు, ఈ మాట చెల్లుతుందని మా అభిప్రాయం. మరొక సూక్ష్మం కూడా ఉన్నది. మనిషి జీవించి ఉండగా చేసిన పనిని చెప్పేటప్పుడు ఈ విశేషణం పొసగదు. మన ఊళ్ళలో కొన్ని శిలాఫలకాల మీద ‘స్వర్గీయ ఫలానావారు ఈ భవనమునకు శంకుస్థాపన చేసిరి’ అన్న ధోరణి వాక్యాలు కనబడుతాయి. చదివినవారికి ఆయన ఆ శుభకార్యం కోసం స్వర్గంనుంచి దిగి వచ్చినట్లు తోస్తుంది. అక్కడ పేరు ఒక్కటి చాలు.

అచ్చులో ఈ మాట కనబడినప్పుడు చదువరి ఒక్క క్షణం ఆగి, వెనుకటి పంక్తి మళ్ళీ చూచుకోగలడు. రేడియో వినేవారికి ఆ సౌకర్యం లేదు. మాట ఒకసారి గాలిలోకి పోయిన తరువాత దానిని వెనక్కు పిలువలేము. వంటయింటిలో సగం వాక్యం విన్న ఇల్లాలు మిగిలిన సగం తానే పూరించుకుంటుంది. అందువల్ల ఇంగ్లీషు వార్తలో ‘లేట్’ తగిలినప్పుడు అనువాదకుడు మూడు ప్రశ్నలు వేసుకోవలసి ఉంటుంది. పక్కనున్నది మనిషా, కాలమా? మనిషి అయితే పోయినది పదవా, ప్రాణమా? ప్రాణమే అయితే ఆ సంగతి నిర్ధారణగా తెలిసినదెవరికి? మూడవ ప్రశ్న వ్యాకరణానికి సంబంధించినది కాదు. కాని అన్నిటికంటె బరువైనది అదే.

దాని బరువు ఈ దేశం 1979 మార్చి 22న చూచింది. జయప్రకాశ్ నారాయణ్ అప్పుడు బొంబాయిలోని జస్‌లోక్ ఆసుపత్రిలో తీవ్రమైన అస్వస్థతతో ఉన్నారు. ఆయన మరణించారని ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి లోక్‌సభలో ప్రకటించారు. సభ్యులు నివాళులు అర్పించారు. సభ వాయిదా పడినది. వార్త దేశమంతటా ప్రాకినది. ఆ సమయంలో జయప్రకాశ్ సజీవులై ఉన్నారు. ఆ తరువాత ఆరు మాసాలకు పైగా జీవించి, 1979 అక్టోబరు 8న పాట్నాలో తనువు చాలించారు. ప్రధానమంత్రి నోటి మాటకంటె గట్టి ఆధారం ఏమి కావాలని ఆనాడు ఎవరైనా అనుకొని ఉంటారు. ఆసుపత్రిలోని మంచం దగ్గరనుంచి వచ్చిన మాటే ఆధారమని అనుభవం నేర్పినది.

అమెరికను హాస్యరచయిత మార్క్ ట్వేన్‌కు 1897లో ఇటువంటిదే జరిగినది. ఆయన లండనులో ఉండగా, ఆయన బంధువు ఒకరి జబ్బు సంగతి ఆయనకే అంటగట్టబడి, మరణవార్తగా మారినది. విచారించడానికి వచ్చిన విలేఖరికి, ఆ వార్తలో అతిశయోక్తి ఉన్నదని ఆయన చమత్కారంగా బదులు చెప్పారు. చమత్కరించే ఓపిక ఆయనకు ఉన్నది కనుక లోకం నవ్వుకున్నది. అందరి ఇండ్లలోనూ అది నవ్వులాట కాదు.

మన భాషలో ‘లేట్’ అన్న చోట నిలువదగిన మాటలు అనేకం. ‘కీర్తిశేషులు’ అంటే కీర్తి మాత్రమే శేషంగా మిగిలినవారు. మనిషి పోయినా మంచిపేరు మిగిలినదన్న ఊరడింపు ఆ సమాసంలోనే ఇమిడి ఉన్నది. ‘దివంగతులు’ అంటే దివికి పోయినవారు. ‘స్వర్గీయులు’ అన్నదీ అట్టిదే. ముస్లిం సోదరులు ‘మర్‌హూం’ అంటారు. భగవంతుని దయకు పాత్రులైనవారని దాని భావం. వీటిలో ఏ ఒక్కటీ కాలాన్ని లెక్కపెట్టదు. ఇంగ్లీషు మాట ‘మొన్నటివరకు ఉండెను’ అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. మన మాటలు పోయినవారు ఎక్కడికి పోయిరో, ఏమి మిగిల్చిరో చెబుతాయి. కనుకనే పెండ్లి శుభలేఖలో తాతగారి పేరుకు ముందు ‘కీ.శే.’ అని రెండు అక్షరాలు వేసినా అమంగళంగా తోచదు.

అయినా మన కాగితాలలో ‘లేట్’ బాగా పాతుకున్నది. ఇంగ్లీషువారు ‘ది లేట్’ అంటే మనవారు ‘ది’ని తీసివేసి ‘లేట్ శ్రీ’ అన్నారు. ఇది లండనులో వినబడదు. దీనిని తప్పనడం మాకు ఇష్టం లేదు. భారతదేశపు ఇంగ్లీషులో ఇది ఎప్పుడో మర్యాద పొందినది. దరఖాస్తులలో తండ్రి పేరు వ్రాసేటప్పుడు, తండ్రి గతించి ఉంటే ‘లేట్’ అని చేర్చడం పరిపాటి. తెలుగు దరఖాస్తులో తెలుగు మాటే ఉంటే బాగుంటుంది. కాని ఏ మాట వాడినా సరైన పేరుకు ముందు వాడడం ముఖ్యం. ‘సన్నాఫ్ లేట్’ అని ఉండవలసిన చోట ‘లేట్’ ఒక్క మాట ముందుకు జరిగి కొడుకు పేరుకు తగిలితే, పొలం హక్కూ పింఛనూ తారుమారు కావచ్చు.

ఇది ఊహాగానం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీ అనే రైతు కథ లోకవిదితం. 1970ల మధ్యలో భూమి రికార్డులలో ఆయన మరణించినట్లు వ్రాయబడినది. అప్పు కోసం కాగితాలు తెచ్చుకోబోయినప్పుడు ఆ సంగతి ఆయనకు తెలిసినది. భూమి బంధువుల పేరిటికి మారినది. ఎదుట నిలిచి మాట్లాడుతున్న మనిషిని చూచి కూడా, కాగితం ప్రకారం నీవు లేవు అన్నారు. తాను ఉన్నానని ప్రభుత్వ రికార్డులలో ఎక్కించుకోవడానికి ఆయన ఎన్నికలలో నిలబడినారు; తనవంటి వారిని చేర్చి మృతుల సంఘమే స్థాపించినారు. 1994లో గాని ఆయన సజీవుడని అధికారికంగా అంగీకరించలేదు. దాదాపు రెండు దశాబ్దాల పోరాటం, ఒక విశేషణాన్ని పేరుమీదనుంచి తొలగించుకోవడానికి!

కేంద్రప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో తాము జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం దాఖలు చేయవలసి ఉన్నది. 2014 నుంచి వేలిముద్రతో, యంత్రం ద్వారా కూడా దీనిని ఇవ్వవచ్చు. గడువు దాటితే పత్రం అందేవరకు పింఛను నిలిచిపోతుంది. పత్రం లేటయినందుకు మనిషినే లేటుగా భావించినట్లు! మాట రెండు అర్థాలూ ఇంత దగ్గరగా కూర్చున్న చోటు మాకు మరొకటి కనబడలేదు. ఇంటిలో వృద్ధులున్నవారు నవంబరు నెలను క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవడం మంచిది.

లాల్ బిహారీ మాత్రం పోరాటకాలంలో తన పేరు చివర చేర్చుకున్న ‘మృతక్’ అన్న మాటను 1994 తరువాత కూడా తీసివేయలేదు.